వాన రోడ్డు మీద రియర్ వీల్ డ్రైవ్: వెనక టైర్ల లెక్క

రియర్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే అందే బండి. టయోటా జీఆర్86 లాంటి చిన్న స్పోర్ట్స్ కారుతో మొదలుపెడదాం. ఇంజిన్ 2.4 లీటర్లు, టార్క్ (తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు. ఈ రోజుల్లో అదేమంత పెద్ద అంకె కాదు. కానీ మాన్యువల్ గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.626, వెనక డిఫరెన్షియల్‌ది (శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టెది) 4.1. రెండింటితో గుణిస్తే ఆ 250 వెనక చక్రాల దగ్గరికి చేరేసరికి 3,700 అవుతుంది. ఇప్పుడు టైర్ల వైపు నుంచి చూడండి. డ్రైవరుతో కలిపి బండి బరువు సుమారు 1,350 కిలోలు. ముందుకు ఉరికేటప్పుడు కొంత బరువు వెనక్కి వాలుతుందని లెక్కేసినా వెనక ఇరుసు మీద ఉండేది 650 కిలోల చుట్టుపక్కలే. తడి తారు మీద మంచి టైరుకి ఘర్షణ గుణకం, అంటే పట్టుకి కొలత, 0.6 అనుకుందాం. అప్పుడు ఆ రెండు టైర్లూ జారకుండా రోడ్డుకి దించగలిగే టార్క్ దాదాపు 1,200. అంటే మొదటి గేరులో ఇంజిన్ ఇవ్వగలిగింది దానికి మూడింతలు. రెండో గేరులో ఇంచుమించు రెట్టింపు. మూడో గేరులోనూ ఎక్కువే. నాలుగో గేరుకి వచ్చాక గానీ రెండూ సమానం కావు.

ఇది 228 హార్స్‌పవర్ కారు సంగతి. 5 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్న ఫోర్డ్ మస్టాంగ్ జీటీకో, 550 న్యూటన్ మీటర్ల బీఎండబ్ల్యూ ఎం2కో ఇదే లెక్క మీరే వేసుకోండి.

పైగా ఇదంతా తిన్నటి రోడ్డు మీద. మలుపులో అదే వెనక టైరు బండి పక్కకి జారకుండా కూడా పట్టి ఉంచాలి. టైరుకి ఉన్న పట్టు ఒక్కటే. ముందుకు తోయడానికి ఎంత ఖర్చు చేస్తే, పక్కకి పట్టుకోవడానికి అంత తక్కువ మిగులుతుంది. ముందు చక్రాలు లాగే కారులో పట్టు చాలకపోతే ముక్కు బయటికి పోతుంది. డ్రైవరు భయపడి పాదం తీసేస్తే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. వెనక చక్రాలు తోసే కారులో తప్పేది తోక. తోక ఒకసారి తప్పితే బండి దారికి రావడానికి కాదు, ఇంకా తిరగడానికే చూస్తుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్ మీద పదేళ్లు తీరిన చెయ్యి కూడా ఇలాంటి కారులో మొదటి వానకి తడబడేది అందుకే. అలవాటైన ప్రతిస్పందన ఇక్కడ పనిచేయదు.

కాబట్టి వానలో వెనక టైర్లని ఒకసారికి ఒక్క పనే అడగాలి. అదీ మెల్లగా అడగాలి. జారిన బండిని తిప్పుకొచ్చే నేర్పు గురించి అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో అది ఆఖరి పాఠం. మొదటి పాఠం టైర్ల దగ్గర, బండి కదలక ముందే ఉంది.

టైర్లు

245 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు, రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు, వేగం 100 కిలోమీటర్లు. ఆ టైరు తన దారిలోంచి సెకనుకు 20 లీటర్ల నీటిని పక్కకి నెట్టాలి. ఇంట్లో తాగే నీళ్ల క్యాన్ ఒకటి, సెకనుకొకటి చొప్పున, ఒక్కో టైరు కింద నుంచి. ఆ నీరు పోయే దారి ట్రెడ్ (రోడ్డుని తాకే టైరు పైభాగం) మీది గాళ్లే. గాడి లోతు తగ్గితే నీరు పోలేక టైరు ముందు పోగవుతుంది, ఆపైన టైరుని ఎత్తేస్తుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. అప్పుడు టైరు రోడ్డు మీద కాదు, నీటి మీద ఉంటుంది.

కొత్త టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు. ఆ 1.6 చట్టం గీసిన గీత, వానకి సరిపోయే గీత కాదు. వెడల్పాటి టైర్లున్న స్పోర్ట్స్ కారుకి 3 మిల్లీమీటర్ల దగ్గరే వానాకాలపు ఆయుష్షు తీరిపోయిందని నేనంటాను. పొడి రోడ్డు మీద ఆ టైరు ఇంకా బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, అక్కడే చాలామంది మోసపోతారు. అరిగిన టైరు ఎండలో కొత్తదానికంటే గట్టిగా పట్టినట్టు కూడా అనిపిస్తుంది. అది చూసి జూన్‌లో మార్చాల్సిన టైర్లని దసరా దాకా లాగకండి.

కొలవడానికి ట్రెడ్ డెప్త్ గేజ్ కొనుక్కోండి, ఖరీదు చాలా తక్కువ. ఎక్కడ కొలుస్తున్నారన్నదే అసలు విషయం. స్పోర్ట్స్ కార్లకి నెగటివ్ క్యాంబర్ ఉంటుంది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటుంది. దానివల్ల టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది. నిలబడి చూస్తే బయటి అంచు నిగనిగలాడుతూ కనిపిస్తుంది, లోపలి అంచు గుండు అయిపోయి ఉంటుంది. ముందు చక్రాలైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడొచ్చు. వెనక చక్రాలకి కింద కూర్చుని ఫోన్ కెమెరా టైరు వెనక్కి పెట్టి ఫొటో తీయాల్సిందే. బండి ఎత్తు తగ్గించే లోవరింగ్ స్ప్రింగులు వేయించిన బండైతే ఈ అరుగుదల ఇంకా త్వరగా వస్తుంది. అలాంటి బండికి ప్రతి వానాకాలం ముందూ అలైన్‌మెంట్ చేయించాలి, వెనక చక్రాల టో (చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) రీడింగ్ అడిగి చూడాలి. వెనక చక్రాలు కాస్త లోపలికి చూస్తూ ఉంటేనే బండి నిలకడగా పోతుంది. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్ పోయి ఒక చక్రం బయటికి చూడటం మొదలుపెడితే తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడల్లా తోక ఆడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. భద్రత కోసం ఎక్కువ గాడి ఉన్న టైర్లు వెనక ఉండాలి. ముందు జారితే బండి తిన్నగా పోతుంది, వెనక జారితే తిరుగుతుంది. కానీ రియర్ వీల్ డ్రైవ్‌లో శక్తంతా దించేది వెనక టైర్లే కాబట్టి ముందుగా అరిగేవీ అవే. మామూలు కారులో ముందువి వెనక్కి మార్చి సరిచేసుకోవచ్చు. చాలా స్పోర్ట్స్ కార్లకి ముందు, వెనక సైజులు వేరు. పోర్షే 911 కారెరా ఎస్ తీసుకుంటే ముందు 245, వెనక 305. మార్చుకునే వీల్లేదు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే ఈ కారు తనంతట తానే ప్రమాదం వైపు అరుగుతుంది: ముందు 5 మిల్లీమీటర్లు, వెనక 2.5. ఇలాంటి బండి వానలో ముందు భాగం చక్కగా మాట వింటుంది, డ్రైవరుకి ధైర్యం వస్తుంది, నీళ్లలో ముందుగా తేలేది మాత్రం వెనక భాగం. వెనక రెండూ ముందుగా మార్చండి. ముందువాటి కోసం ఆగొద్దు.

వెడల్పు టైరు వానకి మంచిదని అనుకోవడం పొరపాటు. పొడి రోడ్డు మీద వెడల్పు లాభమే. నీటిలో మాత్రం వెడల్పు పెరిగితే నెట్టాల్సిన నీరు పెరుగుతుంది, అదే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది. అందుకే 195 టైర్లతో వచ్చే మాజ్దా ఎంఎక్స్-5 వానలో హాయిగా ఉంటుంది. అదే కారుకి అందం కోసం 225 వేయిస్తే, తేలికైన బండి కాబట్టి, ముందుకంటే తొందరగా తేలుతుంది.

ఇక గాలి. విమానాల టైర్ల మీద నాసా 1960లలో చేసిన పరీక్షల నుంచి ఒక సూత్రం వచ్చింది. టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే, లోతు నీటిలో టైరు తేలే వేగం గంటకి కిలోమీటర్లలో వస్తుంది. 36 పీఎస్‌ఐకి 100. 30కి 91. 25కి 83. కార్ల టైర్లకి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అరిగిన, వెడల్పాటి టైరు అంతకంటే ముందే తేలొచ్చు. కానీ రెండు సంగతులు ఇందులోంచి గట్టిగా తెలుస్తాయి. ఒకటి, వానలో పట్టు కోసం గాలి తగ్గించమనే సలహా తప్పు. డ్రైవరు తలుపు అంచున అతికించిన స్టిక్కరు మీద ఉన్న అంకె, టైరు చల్లగా ఉన్నప్పుడు, సరిగ్గా అంతే ఉండాలి. రెండోది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి లేన్లలో అనుమతించిన వేగం 120. నీరు నిలిచిన చోట 36 పీఎస్‌ఐ టైరు తేలే వేగం 100. బోర్డు మీద అంకె ఎండ రోజుది. వాన రోజున మీ అంకె మీరే పెట్టుకోవాలి.

టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైనది. స్పోర్ట్స్ కార్లు ఎక్కువగా గ్యారేజీలో ఉంటాయి, కిలోమీటర్లు తిరగవు, ట్రెడ్ నిండుగా కనిపిస్తుంది. రబ్బరు మాత్రం గట్టిపడుతూనే ఉంటుంది. మన ఎండలకి ఐదేళ్లు దాటిన స్పోర్ట్స్ టైరుని వానలో నేను నమ్మను. ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్‌ల మీద గాళ్లే తక్కువ, వాటితో వానలో హైవే ఎక్కొద్దు. అమెరికా, యూరప్‌లలో ఉన్నవాళ్లకి ఇంకో మాట: సమ్మర్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిగుసుకుపోతుంది. నవంబరు వాన, ఉదయపు చలి, కింద సమ్మర్ టైర్లు. ఈ మూడూ కలిసిన రోజున ఇంకో కారు తీయండి.

కదలడం

రియర్ వీల్ డ్రైవ్ కార్లు వానలో తిరిగిపోయేది ఎక్కువగా హైవే మీద అనుకుంటారు. సిగ్నల్ దగ్గరా, సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి తిరిగేటప్పుడూ కూడా తక్కువేం కాదు. కుడివైపు తిరగాలి, ఎదురుగా బండ్లు వస్తున్నాయి, చిన్న సందు దొరికింది. స్టీరింగ్ తిప్పి ఉండగానే పాదం గట్టిగా పడుతుంది. మొదటి గేరు, మూడింతల టార్క్, ఆపైన పక్కకి లాగుడు. కింద జీబ్రా గీతల పెయింటు ఉంటే ఆ ఉన్న పట్టూ ఉండదు. బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. సందు చిన్నదైతే వదిలేయండి. స్టీరింగ్ ఎంత తిరిగి ఉంటే యాక్సిలరేటర్ మీద పాదం అంత తేలికగా ఉండాలి, స్టీరింగ్ తిన్నబడుతున్న కొద్దీ పాదం దించాలి. ఈ ఒక్క అలవాటుతో సగం ప్రమాదం తప్పుతుంది.

మాన్యువల్ బండిలో టార్క్ బాగా ఉంటే చదును మీద రెండో గేరులో కదలండి, క్లచ్ కొంచెం ఎక్కువసేపు జారనివ్వండి. క్లచ్ ఒక్కసారిగా వదిలితే అది యాక్సిలరేటర్ తొక్కినట్టే. టర్బో కార్లలో ఇంకో ప్రమాదం: పాదం తొక్కిన క్షణంలో పెద్దగా ఏమీ జరగదు, ఇంకొంచెం తొక్కుతారు, అరసెకను తరవాత బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు బలం) మొత్తం ఒకేసారి వచ్చి పడుతుంది. ఒక గేరు ఎక్కువలో, ఆర్‌పీఎం తక్కువలో, పాదం పావు వంతు దగ్గర పట్టి ఉంచడమే దానికి విరుగుడు. అపార్ట్‌మెంట్ సెల్లారు ర్యాంపు నున్నటి సిమెంటైతే అక్కడ కూడా ఇంతే.

ఒక చక్రం ఒక్కటే వట్టిగా తిరగకుండా అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే వానలో భయం లేదని కొందరంటారు. పొడిలో అది వరం. తడిలో ఆలోచించాల్సిన విషయం. మామూలు డిఫరెన్షియల్‌లో పాదం ఎక్కువైతే సాధారణంగా బరువు తక్కువున్న లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది, బయటి చక్రం బండిని పట్టుకునే ఉంటుంది. లిమిటెడ్ స్లిప్‌లో రెండు చక్రాలూ కలిసి జారతాయి. రెండూ జారితే పక్కకి పట్టుకునేది ఇక ఏదీ లేదు.

మలుపు

బ్రేకు పని తిన్నటి రోడ్డు మీదే పూర్తి చేయండి. గేరు కూడా అక్కడే మార్చేయండి. మలుపులోకి వెళ్లాక పాదం యాక్సిలరేటర్ మీద తేలికగా, వేగం పెరగకుండా తగ్గకుండా ఉంచేంత మాత్రమే ఉండాలి. బయటికి దారి కనిపించి స్టీరింగ్ తిన్నబడటం మొదలయ్యాక పాదం మెల్లగా దించాలి.

మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపిస్తే చప్పున పాదం తీసేయాలనిపిస్తుంది. అదే చేయకూడనిది. పాదం తీస్తే బరువు ముందుకి వాలుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. అదే సమయంలో ఇంజిన్ బ్రేకింగ్ ఆ తేలికైన వెనక టైర్ల మీదే పడుతుంది. రెండూ కలిసి తోకని బయటికి తోస్తాయి. 1975లో వచ్చిన మొదటి 911 టర్బోకి అంత భయంకరమైన పేరు వచ్చింది ఇందుకే: ఇంజిన్ వెనక ఇరుసు అవతల వేలాడుతుంటుంది, ఆ బరువు ఒకసారి ఊగడం మొదలైతే ఆగదు. ఇప్పటి 911 చాలా మెరుగు, ఆ బరువు వల్ల కదిలేటప్పుడు వెనక పట్టు బాగుంటుంది కూడా. ఇంజిన్ మధ్యలో ఉండే పోర్షే కేమన్, బాక్‌స్టర్‌లు జారడం ఆలస్యంగా మొదలెడతాయి, కానీ మొదలెట్టాక తిరిగే వేగం ఎక్కువ. మస్టాంగ్‌లో ఇంజిన్ ముందుంటుంది, తోక తేలిక. అది త్వరగా జారుతుంది గానీ ముందుగా తెలుస్తుంది. మీ కారు బరువు ఎక్కడుందో తెలుసుకుని నడపండి. హోండా ఎస్2000 కూడా తడిలో ఉన్నట్టుండి తోక విసురుతుందని పేరు పడ్డదే. 2004లో వెనక సస్పెన్షన్ మార్చి దాన్ని కొంత మెత్తబరిచారు.

గేరు తగ్గించేటప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎంని కింది గేరు వేగానికి కలపకుండా క్లచ్ వదిలితే వెనక చక్రాలకి హ్యాండ్‌బ్రేకు లాగినట్టే. కింది గేరు పడేముందు యాక్సిలరేటర్‌ని ఒక చిన్న తాటింపు తాటించండి. అది రాని వాళ్లు వానలో కింది గేర్ల జోలికి పోకుండా బ్రేకుతోనే వేగం తగ్గించుకోవడం మేలు. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ లాంటి వెనక మోటారు ఎలక్ట్రిక్ కార్లు నడిపేవాళ్లు కూడా ఈ మాట తమకి కాదనుకోవద్దు. రీజెన్ (పాదం తీస్తే మోటారే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీని నింపే ఏర్పాటు) గట్టిగా పెట్టుకుంటే పాదం తీసినప్పుడల్లా వెనక చక్రాలకి బ్రేకు పడుతుంది. వానలో రీజెన్ తక్కువకి పెట్టుకోండి.

నీరు ఎక్కడ ఉంటుంది

మొదటి వాన అన్నిటికంటే చెడ్డది. నెలల తరబడి రోడ్డు మీద పడిన ఆయిలు, డీజిలు, రబ్బరు పొడి, దుమ్ము తొలి చినుకులకి నానిపోయి జిగటగా తేలతాయి. గట్టిగా అరగంట వాన పడితే కొట్టుకుపోతాయి. జల్లు పడి ఆగిపోతే అక్కడే ఉంటాయి. కాబట్టి సన్నటి జల్లుని చూసి తేలిగ్గా తీసుకోకండి. టోల్ ప్లాజాల దగ్గర లారీలు ఆగి ఆగి కారిన ఆయిలు ఎప్పుడూ ఉంటుంది. ఫాస్టాగ్ మోగగానే తొక్కే అలవాటు వానాకాలంలో మానుకోండి.

ఫ్లైఓవర్ల మీద ఇనుప ఎక్స్‌పాన్షన్ జాయింట్లు తడిస్తే గాజులా ఉంటాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పోయే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, వరసగా జాయింట్లే. జాయింటు మీద ఉన్న క్షణంలో పాదం, స్టీరింగ్ రెండూ కదపకుండా ఉంచండి. డెల్టా జిల్లాల్లో నాట్ల రోజుల్లో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన బురద మలుపుల్లో పేరుకుంటుంది. కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తడిస్తే టైరు కింద గింజలు గింజలుగా దొర్లుతాయి. తాడేపల్లిగూడెం వైపు పోయినా, నల్గొండ వైపు పోయినా ఇది ఉన్నదే.

హైవే మీద లారీల చక్రాలు నొక్కిన రెండు గాళ్లలో నీరు నిలుస్తుంది. వాటికి అర అడుగు పక్కగా, రోడ్డు ఎత్తుగా ఉన్న చోట నడపండి. ముందు బండి ఇప్పుడే వెళ్లిన జాడ మాత్రం వేరు. అక్కడ నీటిని అది పక్కకి నెట్టేసింది, అందులో నడపడమే మంచిది. ఎడమ మలుపు అయిపోయి కుడి మలుపు మొదలయ్యే చోట జాగ్రత్త. మలుపు కోసం రోడ్డుని ఒక పక్కకి వాల్చి కడతారు. ఆ వాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే మధ్యలో రోడ్డు కొంత దూరం బల్లపరుపుగా ఉంటుంది, నీరు ఎటూ పోక నిలిచిపోతుంది. బండి ఒక వైపు నుంచి రెండో వైపుకి ఒరిగేది కూడా సరిగ్గా అక్కడే.

దూరం సంగతి రెండు ముక్కల్లో: 80 వేగంలో బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద 30 మీటర్ల చిల్లరలో ఆగే బండికి తడి రోడ్డు మీద 50 మీటర్లు కావాలి. మీ మెదడు తేరుకునే ఒక సెకనులో ఇంకో 22 మీటర్లు పోతాయి. ముందు బండికి కనీసం నాలుగు సెకన్ల ఎడం ఉంచండి. బ్రేకు డిస్కుల మీద నీటి పొర ఉంటుంది కాబట్టి చాలాసేపు బ్రేకు వాడకుండా వాన హైవేలో పోతుంటే, వెనక ఎవరూ లేనప్పుడు కుడి పాదంతోనే అప్పుడప్పుడు తేలికగా తాకించి ఆరబెట్టండి. హెడ్‌లైట్లు లో బీమ్‌లో వేయండి. హజార్డ్ లైట్లు వేసుకుని నడపొద్దు, అవి వెలుగుతుంటే మీరు లేన్ మారుతున్నట్టు వెనకవాళ్లకి తెలియదు. క్రూజ్ కంట్రోల్ ఆపేయండి. టైరు తేలినా అది ఇంజిన్‌ని తోస్తూనే ఉంటుంది.

తేలినప్పుడు, జారినప్పుడు

హైడ్రోప్లేనింగ్ ముందే చెబుతుంది. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికవుతుంది. కింద నీటి చప్పుడు మారుతుంది. రియర్ వీల్ డ్రైవ్‌లో ఇంకో గుర్తు ఉంది: పాదం కదపకుండానే ఆర్‌పీఎం పైకి లేస్తుంది. వెనక చక్రాలు నీటి మీద వట్టిగా తిరుగుతున్నాయన్నమాట. అప్పుడు బ్రేకు వద్దు. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. పాదాన్ని మెల్లగా వెనక్కి తీయండి, మాన్యువల్ అయితే క్లచ్ నొక్కండి. వేగం తగ్గి టైరు మళ్లీ రోడ్డుని తాకే క్షణంలో చక్రాలు తిన్నగా ఉండటం ముఖ్యం. తేలుతున్నప్పుడు భయంతో స్టీరింగ్ తిప్పి ఉంటే, పట్టు తిరిగి రాగానే బండి ఆ తిప్పిన వైపుకి దూకుతుంది.

తోక జారితే చూపు వెళ్లాల్సిన దారి మీదే ఉంచండి. చెట్టునో డివైడర్‌నో చూస్తే చేతులు అటే తిప్పుతాయి. తోక ఎటు పోతే స్టీరింగ్ అటు తిప్పాలి. తోక కుడికి పోతే కుడికి. పాదం నెమ్మదిగా తేలిక చేయాలి, ఒక్కసారిగా తీయకూడదు, బ్రేకు తొక్కకూడదు. ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. చాలామంది పోగొట్టుకునేది రెండో ఊపులో. తోక వెనక్కి రావడం మొదలవగానే స్టీరింగ్‌ని కూడా అంతే వేగంగా మధ్యకి తెచ్చేయాలి. ఆలస్యమైతే తోక మధ్యని దాటి రెండో వైపుకి, మొదటిసారి కంటే గట్టిగా విసురుతుంది. బండి అడ్డం తిరిగిపోయింది, ఇక దక్కదనిపిస్తే క్లచ్, బ్రేకు రెండూ అడుగంటా తొక్కి పట్టండి. ఏబీఎస్ పెడల్ కింద గరగరమంటుంది, పాదం తీయకండి.

ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) ఇదే పని మీకంటే ముందే చేస్తుంది. తోక జారుతున్నట్టు గమనించగానే ఇంజిన్ శక్తి కోసేసి, బయటి ముందు చక్రానికి ఒక్కదానికే బ్రేకు వేసి బండిని తిన్నగా లాగుతుంది. దాన్ని వానలో ఆపేయడానికి నాకు ఒక్క మంచి కారణం కూడా కనిపించదు. ట్రాక్, స్పోర్ట్ మోడ్‌లు దాన్ని వదులు చేస్తాయి, పాదానికి స్పందనని పెంచుతాయి. రెండూ వానకి అక్కర్లేనివే. 2015 తరం మస్టాంగ్‌లో స్నో/వెట్ మోడ్ ఉంది, దాన్ని వాడండి. 992 తరం 911లో ముందు చక్రాల గూళ్లలో శబ్దాన్ని పట్టే సెన్సర్లు పెట్టారు. టైరు చిమ్మిన నీటి చప్పుడు విని రోడ్డు తడిగా ఉందని హెచ్చరిస్తాయి. వెట్ మోడ్‌కి మార్చాల్సింది మాత్రం డ్రైవరే. మారిస్తే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది, 90 దాటాక వెనక స్పాయిలర్ పైకి లేచి వెనక ఇరుసుని కిందికి నొక్కుతుంది. ఇంత చేసినా ఈఎస్‌సీ లేని పట్టుని పుట్టించలేదు. ఉన్న పట్టుని పంచుతుందంతే. నాలుగు టైర్లూ నీటి మీద ఉంటే దానికి పంచడానికి ఏమీ ఉండదు.

డాష్‌బోర్డు మీద ఈఎస్‌సీ పసుపు దీపం మిణుకుమంటే, బండి ఏమీ కానట్టే పోతున్నా సరే, మీరు హద్దు దాటారని అర్థం. వేగం 10–15 తగ్గించండి. మళ్లీ వెలిగితే ఇంకా తగ్గించండి.

స్టీరింగ్‌ని సమయానికి మధ్యకి తేవడం, రెండో ఊపు ఆపడం చదివితే రావు. చేతులకి రావాలి. అమెరికాలో ఉన్నవాళ్లకి ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ఆటోక్రాస్‌లు, అంటే కోన్ల మధ్య నడిపే పోటీలు, దగ్గరలోనే దొరుకుతాయి. వాన పడిన ఆదివారం వెళ్లండి, ఖాళీ పార్కింగ్ లాటులో కోన్ల మధ్య 60 వేగంలో జారితే పోయేది కోన్ మాత్రమే. ఇక్కడివాళ్లకి కోయంబత్తూరు కారి స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉన్నాయి. ట్రాక్ డే నాడు వాన పడితే వెనక్కి తిరగకండి, శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకోండి. పబ్లిక్ రోడ్డు మీద, అర్ధరాత్రి ఖాళీగా ఉన్నా సరే, ఈ సాధన వద్దు.

నీరు నిలిచిన అండర్‌పాస్ విషయంలో ఆలోచించేదే లేదు. ఈ కార్ల గాలి ఇన్‌టేక్ కిందుగా ఉంటుంది, బంపరు నేలకి దగ్గర. మోకాలి లోతు నీళ్లలోకి దించితే ఇంజిన్ నీరు పీలుస్తుంది. ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని పట్టి ఉండే కడ్డీ) వంగుతుంది. తోయించి, లాగించి గ్యారేజీకి చేర్చండి.

వాన ఆగాక రోడ్డు ఆరినట్టు కనిపించినా చెట్ల కింద, ఫ్లైఓవర్ నీడలో, గోడల పక్కన తడి గంటల తరబడి ఉంటుంది, పైగా రాలిన ఆకులు. ఎండ పడిన తారు మీద అలవాటైన పాదంతోనే ఆ నీడలోకి వెళితే, అది మళ్లీ వానే. నీడ మొదలవకముందే ఒక గేరు పైకి మార్చి, పాదం తేలిక చేసుకుని లోపలికి వెళ్లండి.